తాళము త్రిప్పక ముందు



గత నెల రెండవ ఆదివారము ఆరాధన ముగిసి, మేము ఇంకా మందిరపు మెట్లు దిగక ముందే ఒక యౌవనస్థుడు ఎదురు వచ్చి, "అయ్యగారూ, కారు కొన్నామండీ. ఒక్క మాట ప్రార్థన చేసి పంపండి" అన్నాడు. చిట్టివలస వైపు కుటుంబము వారిది. తండ్రి జూటు మిల్లులో పనిచేసి, మిల్లు మూతపడిన తరువాత కూలికి వెళ్లి పిల్లలను చదివించాడు. కుమారుడు ఇప్పుడు విశాఖపట్నములో ఉద్యోగము చేస్తున్నాడు. ఆ ఇంటిలో నాలుగు చక్రముల బండి ఇదే మొదటిది. కొన్నది సెకండు హ్యాండుదే అయినా కడిగి, తుడిచి, ముందు బంతిపూల దండ వేసి పెళ్లికుమారునివలె తీసుకువచ్చారు. నాయనమ్మ మొదలు చంటిబిడ్డ వరకు తొమ్మిదిమంది చుట్టూ నిలువబడ్డారు. అక్కడి నుండి తిన్నగా విజయనగరములో బంధువుల ఇంటికి భోజనమునకు ప్రయాణము.

ప్రార్థించాము. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి మా చూపు ఎడమ ప్రక్క వెనుక టైరు మీద పడింది. మిగిలిన మూడింటికంటె అది కొంచెము కూర్చున్నట్లు ఉన్నది.

"బాబూ, గాలి ఎప్పుడు చూపించావు?"

"ఏటండీ అయ్యగారూ, మొన్ననే కదండీ కొన్నాం. గాలికేటవుద్దండీ?"

"స్టెప్నీలో ఉన్నదా?"

అతడు డిక్కీ తెరిచాడు. బియ్యపు బస్తా, దుప్పట్ల మూట, ఒక పనసకాయ. అవన్నీ దించి, అడుగున ఉన్న అట్ట లేపి చూస్తే స్టెప్నీ ఉన్నది. బొటనవ్రేలితో నొక్కితే లోపలికి పోయింది.

మన ఇరుగుపొరుగువారు క్రొత్త బండికి నాలుగు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మనము ఆ పని చేయము. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. నిమ్మకాయ పెట్టేవాడు నాలుగు చక్రముల దగ్గర నాలుగుసార్లు వంగుతాడు. మనమైతే కళ్లు మూసుకొని ప్రార్థించి, కళ్లు తెరిచి నేరుగా సీటులో కూర్చుంటాము. బండి చుట్టూ ఒక్కసారి తిరిగి చూచే అలవాటు మనలో చాలా తక్కువ. ఈ నెల ఆ సంగతే వ్రాయదలచాము. మేము మెకానిక్కులము కాము. ఇరువది ఏండ్లుగా భీమునిపట్నము చుట్టుప్రక్కల గ్రామములకు బండి మీద తిరుగుచున్నవారము, అంతే. చేసిన తప్పులనుండి నేర్చుకొన్నదే ఎక్కువ.

ఆ తప్పులలో పెద్దది ముందు చెప్పుకోవాలి. పదేండ్ల క్రిందట మే నెలలో, గోస్తనీ అవతలి ఒక గ్రామములో వి.బి.ఎస్. ముగింపు దినము. మధ్యాహ్నము రెండు గంటల ఎండ. చెట్టు నీడ దొరకక మా పాత వ్యానును ఒక ఇంటి ముందు ఆపాము. బహుమతులు పంచిపెట్టి, బిస్కెట్ పొట్లములు ఇచ్చి, మరొక ఊరిలో కూటమునకు ఆలస్యమగుచున్నదని పరుగున వచ్చి ఎక్కాము. మూడు అద్దములలోను చూశాము. ఏమీ లేదు. రివర్సు గేరు వేశాము. బండి జానెడు కదిలిందో లేదో, అరుగు మీద బియ్యము చెరుగుతున్న ఒక మామ్మ చేటతో నేలను బాది, "ఆగండయ్యా! ఆగండి!" అని కేక వేసింది. దిగి చూచుదుము గదా, వెనుక చక్రమునకు వీపు ఆనించి, వ్యాను నీడలో కాళ్లు చాపుకొని, మూడేండ్ల పాప మేమిచ్చిన బిస్కెట్లే తింటూ కూర్చున్నది.

ఆ దినము తరువాతి కూటములో మేము ఏమి మాట్లాడామో మాకు జ్ఞాపకము లేదు. ఆ పాపకు ఇప్పుడు పదమూడేండ్లు. సండే స్కూలులో ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమెకు ఈ సంగతి తెలియదు. మాకు మాత్రము ఆమె పాట పాడుటకు నిలువబడిన ప్రతిసారి ఆ చేట చప్పుడు వినబడుతుంది.

మూడేండ్ల బిడ్డ ఎత్తు ఇంచుమించు మూడడుగులు. కారు వెనుక అద్దపు క్రింది అంచు ఆ బిడ్డ తలకు సమముగానో, అంతకంటె పైననో ఉంటుంది. బిడ్డ కూర్చుంటే ఇక చెప్పనక్కరలేదు. సీటులో కూర్చున్నవాడు ఎంత మెడ త్రిప్పినా, బండి వెనుక కొన్ని గజముల నేల అతనికి కనబడదు. ఈ మధ్య కార్లకు వెనుక కెమెరా వస్తున్నది, మంచిదే. కాని అది బండి క్రిందికి చూడదు. మన సముద్రపు గాలికి, దుమ్ముకు దాని కన్ను రెండు రోజులలో మసకబారుతుంది. కాబట్టి చూడవలసినది దిగి, నడిచి, వంగి. చుట్టూ తిరిగిన వెంటనే ఎక్కి బయలుదేరాలి. తిరిగి వచ్చి, సీటులో కూర్చొని, ఐదు నిమిషములు ఫోను మాట్లాడి అప్పుడు గేరు వేస్తే ఆ తిరుగుడు వ్యర్థమే. ఇంటిలో చిన్నపిల్లలుంటే పెద్దవారెవరైనా వారి చేయి పట్టుకొని, డ్రైవరుకు కనబడే చోట నిలువబడాలి. "టాటా" చెప్పుటకు పరుగెత్తుకొని వచ్చే బిడ్డే ప్రమాదములో పడేది. అద్దము దించి, పాటలు ఆపి వెనుకకు తీయండి. ఆ మామ్మ కేక మాకు వినబడినది అద్దము దించి ఉన్నందుననే.

పల్లెలలో పిల్లలు మాత్రమే కాదు. కుక్క బండి క్రింద పడుకొంటుంది, కోడి పిల్లలతో చేరుతుంది. వానాకాలములో వెచ్చదనము కొరకు పిల్లులు ఇంజను ప్రక్కకు ఎక్కుతాయి, ఒక్కొక్కసారి పాములు కూడ. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బోనెట్టు మీద అరచేతితో రెండుసార్లు గట్టిగా తట్టుట మంచి అలవాటు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టుకొనేవాడు మేడకు పిట్టగోడ కట్టించాలన్న నియమము మనకు తెలిసినదే. పైనుండి ఎవరైనా పడితే ఆ ప్రాణము బాధ్యత ఇంటివానిదే అని దాని భావము. గృహప్రతిష్ఠకు మేము వెళ్లి గంటసేపు ప్రార్థించినా పిట్టగోడ దానంతట అది లేవదు. టైరులో గాలి కూడ అంతే.

పిల్లల సంగతిలో ఇంకొకటి చెప్పి ముందుకు పోతాము. ఇది బండి దిగిన తరువాతి జాగ్రత్త, అయినా ఎక్కేటప్పటి జాగ్రత్తకంటె తక్కువది కాదు. 2025 మే 18వ తేదీ ఆదివారము, మనకు ప్రక్కనే ఉన్న విజయనగరము దగ్గర ద్వారపూడి గ్రామములో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. ఊరంతా వెదికారు. కారులో చూచేసరికి నలుగురూ ఊపిరాడక చనిపోయి ఉన్నారు. మూసిన కారు ఎండలో నిలిచితే లోపలి వేడి మొదటి పది నిమిషములలోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. బయట 38 ఉంటే లోపల 48. పిల్లల శరీరము పెద్దవారికంటె త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి ఆపిన బండికి తాళము వేయనిదే విడిచి వెళ్లవద్దు. తాళము చెవి పిల్లలకు అందని మేకుకు వ్రేలాడదీయండి. ఇంటిలో బిడ్డ కనబడకపోతే బావి, చెరువు చూచినట్లే కారు కూడ వెంటనే చూడండి. నిద్రపోతున్న బిడ్డను "ఒక్క నిమిషమే గదా" అని వెనుక సీటులో వదలి దుకాణములోకి వెళ్లవద్దు.

ఇక టైర్లు. మా అనుభవములో గ్రామముల ప్రజలు కారుకు చేసే అన్యాయములలో ఇది మొదటిది. ఎద్దు కాలిగిట్టను చూడకుండ బండి కట్టని రైతు, కారు టైరును ఆరు నెలలైనా చూడడు! ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే ప్రక్క కమ్మి మీద అంటించిన చిన్న కాగితములో వ్రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణముగా 30 నుండి 33 వరకు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒక లెక్క, నిండుగా ఎక్కి సామాను వేస్తే మరొక లెక్క, రెండూ అక్కడే ఉంటాయి. టైరు ప్రక్కన అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు ఓర్చుకొనగల గరిష్ఠము. అంత కొట్టించకూడదు. ఉదయము బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూచినదే సరియైన లెక్క.

"ఎండాకాలములో గాలి తక్కువ కొట్టించాలి, లేకపోతే ప్రేలుతుంది" అని మన పెద్దలు చెబుతారు. మేమూ చాలాకాలము నమ్మినాము. ఇది తలక్రిందుల మాట. గాలి తగ్గిన టైరు రోడ్డు మీద ఎక్కువగా నలుగుతుంది, నలిగినకొలది వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి జాతీయ రహదారి మీద వేగములో ఉండగా ప్రేలుతుంది. మే నెల మధ్యాహ్నము ఆనందపురము దాటి రహదారి ఎక్కినప్పుడు కాపాడేది, కాగితము మీద వ్రాసినంత గాలి ఉండుటయే.

టైరు గాడులలో అక్కడక్కడ చిన్న మిట్టలు కనబడతాయి. వాటి చోటు తెలియుటకు అంచున చిన్న బాణము గుర్తు గాని, టి.డబ్ల్యు.ఐ. అన్న అక్షరములు గాని ఉంటాయి. టైరు అరిగి ఆ మిట్టలతో సమమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలినదని అర్థము. చట్టము ఒప్పుకొనే కనీసము అదే. ఆ తరువాత తడి రోడ్డు మీద టైరు నీటిని త్రోయలేదు, సబ్బు మీద కాలు పెట్టినట్లే. సెకండు హ్యాండు కారు కొనేవారు మరొకటి చూడాలి. టైరు ప్రక్కన డి.ఓ.టి. అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2317 అని ఉంటే 2017వ సంవత్సరము 23వ వారములో తయారైనదని. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఆ వయస్సు టైరు రబ్బరు ఎండిపోయి ప్రక్కలలో సన్నని పగుళ్లు వేసి ఉంటుంది. నల్లని పాలిషు పూసి అమ్ముతారు జాగ్రత్త.

స్టెప్నీ అన్న మాట మనకు ఎక్కడిదో తెలుసునా? బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతమున లనెథ్లీ అనే పట్టణములో స్టెప్నీ వీధి ఉన్నది. మోటారు కార్ల తొలి దినములలో, 1904 ప్రాంతమున, అక్కడి వారు అదనపు చక్రము తయారుచేసి అమ్మినారు. ఆ వీధి పేరే చక్రము పేరైనది. వారు మరచిపోయినా మన దేశములో మాత్రము నిలిచిపోయినది. పేరు నిలిచింది గాని, అందులో గాలి నిలుపుకొనేవారే అరుదు. జాకీ, పానా కూడ ఉన్నవో లేవో ఇంటి దగ్గరే చూచుకోండి. రాత్రి పదకొండు గంటలకు జీడితోటల మధ్య వెదకుకొనే వస్తువులు కావు అవి.

మన భీమునిపట్నము వారికి ప్రత్యేకముగా ఉన్న శత్రువు ఒకటున్నది. అది ఉప్పుగాలి. సముద్రము ప్రక్కన కిటికీ ఊచలు రెండేండ్లకే పొట్టు రాలుటను మనము చూస్తూనే ఉన్నాము. అదే గాలి ఇక్కడినుండి మంగమారిపేట, ఋషికొండ మీదుగా విశాఖ వరకు, ఇంచుమించు పాతిక కిలోమీటర్లు మన కారుతో పాటే ప్రయాణము చేస్తుంది. ముందు అద్దము మీద కంటికి కనబడని ఉప్పు పొర పేరుకొంటుంది. పగలు తెలియదు. రాత్రి ఎదుటి లారీ లైటు పడగానే అద్దమంతా పాలు పోసినట్లు తెల్లబడుతుంది. ఆ ఒక్క క్షణము మనము గ్రుడ్డివారమే. అందువలన సాయంకాలపు ప్రయాణమునకు ముందు అద్దము లోపల, బయట తడిగుడ్డతో తుడవాలి. వైపరుకు నీరు వచ్చునో లేదో చూడాలి. వైపరు రబ్బరు ఎండకు గట్టిపడి గీతలు గీస్తుంటే మార్చాలి. పొడి అద్దము మీద వైపరు వేయవద్దు, ఇసుక రేణువులు గాజును గీస్తాయి.

బ్యాటరీ కొనల మీద తెల్లగానో, పచ్చగానో పొడి పట్టి ఉంటుంది. ఇంజను ఆపి, ముందు మైనసు వైరు విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన తరువాత కొంచెము వాజలీను పూస్తే చాలాకాలము నిలుస్తుంది. బండి అడుగు భాగము నెలకు ఒకసారి మంచినీటితో కడిగించండి. బ్రేకు ఆయిలు పోయే సన్నని ఇనుప గొట్టములు అక్కడే ఉన్నాయి. తుప్పు వాటిని లోపలినుండి కాదు, బయటినుండి తింటుంది.

బ్రేకు ఆయిలు మాట వచ్చింది గనుక చెబుతాము. బోనెట్టు ఎత్తగానే తెల్లని చిన్న డబ్బా ఒకటి కనబడుతుంది, దాని మీద పై గీత, క్రింది గీత ఉంటాయి. ఆయిలు ఆ రెంటి మధ్య ఉండాలి. ఊరకనే తగ్గుచున్నదంటే ఎక్కడో కారుచున్నదనో, బ్రేకు ప్యాడ్లు అరిగాయనో అర్థము. ఈ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణమున్నది. మనది తేమ ప్రదేశము. తేమ చేరిన ఆయిలు వేడికి త్వరగా మరుగుతుంది, మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు పెడలు ఎంత త్రొక్కినా దూదిని త్రొక్కినట్లే. ఇంటి దగ్గర సమభూమి మీద ఇది బయటపడదు. అరకు చూచి వస్తూ అనంతగిరి ఘాటు దిగేటప్పుడు, పిల్లలందరు వెనుక పాటలు పాడుచున్నప్పుడు బయటపడుతుంది. రెండేండ్లకొకసారి ఆ ఆయిలు మార్పించండి. ఘాటు దిగేటప్పుడు క్రింది గేరులో దిగండి. అసలు ఏ ప్రయాణమైనా, ఇంటి ముందు పది అడుగులు నడచిన వెంటనే బ్రేకు ఒకసారి త్రొక్కి చూచుట మా నియమము. గట్టిగా, ఒకే ఎత్తున పట్టుకొంటే బయలుదేరతాము. మెత్తగా లోపలికి పోతే, ఏ కూటమైనా సరే, ఆ దినము బస్సే.

ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్లు చాలామంది చూస్తారు గనుక వాటికి ఎక్కువ చెప్పము. బండి సమభూమి మీద, ఇంజను ఆపి కొంతసేపైన తరువాత చూడాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూత మాత్రము ఎన్నడు తెరవకండి. మరుగుచున్న నీరు ముఖము మీదికి చిమ్ముతుంది. తాళము ఒక మెట్టు త్రిప్పగానే ఎదుట ఎఱ్ఱ దీపములు వెలిగి, ఇంజను తిరిగిన తరువాత ఆరిపోవాలి. ఆయిలు దీపము ఆరకపోతే వెంటనే ఇంజను ఆపండి.

లైట్లు చూచుటకు ఇద్దరు కావాలి. ఒకరు లోపల బ్రేకు త్రొక్కితే మరొకరు వెనుకనుండి చూడాలి. ఒంటరిగా ఉంటే సందె వేళ గోడ దగ్గరకు వెనుకకు తీసి, గోడ మీద పడే ఎఱ్ఱని వెలుగు చూచుకోవచ్చు. ముందు లైట్లలో ఒకటి మాడిపోతే ఎదుటివాడు మనలను మోటారు సైకిలు అనుకొంటాడు, అంతే చోటిచ్చి వస్తాడు.

లోపల కూర్చున్న తరువాత కాళ్ల దగ్గర చూడండి. నీళ్ల సీసా దొర్లివచ్చి బ్రేకు పెడలు క్రింద ఇరుక్కొంటే ఎంత బలవంతుడైనా బ్రేకు వేయలేడు. ముందు అద్దము మీద వాక్యపు స్టిక్కర్లు అంటించే విశ్వాసులకు కూడ ఒక మనవి. వాక్యము వెనుక అద్దము మీద ఉంటే వెనుకవారు చదువుకొంటారు. ముందు అద్దము మీద, అడ్డముగా జానెడు వెడల్పున ఉంటే ఎడమ ప్రక్కనుండి రోడ్డు దాటే ముసలివాడు మనకు కనబడడు. వ్రేలాడే శిలువలు, బొమ్మలు కూడ అంతే.

సీటు బెల్టు గూర్చి మాట్లాడితే మన వారికి నవ్వు. "పోలీసులున్న చోట పెట్టుకొంటామండీ" అంటారు. 2018 ఆగస్టు 29న సినీనటులు, మాజీ పార్లమెంటు సభ్యులు నందమూరి హరికృష్ణ గారు స్వయముగా కారు నడుపుతూ నల్లగొండ జిల్లాలో ప్రమాదమునకు గురై మరణించారు. కారులోనుండి బయటకు విసిరివేయబడ్డారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. "వెనుక సీటుకు ఎందుకు?" అనేవారు 2022 సెప్టెంబరు 4ను జ్ఞాపకము చేసుకోవాలి. టాటా సంస్థకు అధ్యక్షునిగా ఉండిన సైరస్ మిస్త్రీ గారు మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర, ఎంతో ఖరీదైన కారులో, వెనుక సీటులో, బెల్టు లేకుండా కూర్చొని మరణించారు. కారు ఆగుతుంది, లోపలి మనిషి ఆగడు. అతడు అదే వేగముతో ముందుకు పోయి దేనికో తగులుతాడు. వెనుకవాడు ముందువాని వీపు మీద పడతాడు, ఇద్దరికీ ముప్పే.

తల్లి ఒడిలో బిడ్డ భద్రముగా ఉన్నదనుకొంటాము. గంటకు 50 కిలోమీటర్ల వేగములో గ్రుద్దుకొంటే పది కిలోల బిడ్డ ఆ క్షణమున నూరు కిలోల బస్తాకంటె ఎక్కువ బరువుతో ముందుకు పోతుంది. ఏ తల్లి చేతులు పట్టగలవు? ముందు సీటులో ఒడిలో పెట్టుకొంటే ఇంకా అపాయము, గాలి సంచి ప్రేలి తెరుచుకొనే దెబ్బ నేరుగా బిడ్డకే తగులుతుంది. పిల్లలను వెనుకనే కూర్చోబెట్టండి, చిన్నవారికి వారి సీటు కొనండి. గర్భవతులు కూడ బెల్టు పెట్టుకోవాలి. నడుము పట్టీ కడుపు మీద కాకుండ దాని క్రిందుగా, తుంటి ఎముకల మీదుగా రావాలి. భుజము మీదుగా వచ్చే ఈ బెల్టును 1959లో స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేస్తే, ఆ కంపెనీ దానిని తనకొక్కదానికే దాచుకొనక ఇతర కంపెనీలను కూడ వాడుకోనిచ్చింది. అంత ధర్మముగా వచ్చిన వస్తువును మనము సీటు వెనుకకు దోపి, ఆ పీప్ పీప్ శబ్దము రాకుండ బజారులో బిళ్ల కొని గ్రుచ్చుచున్నాము! 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 194-బి సెక్షను ప్రకారము బెల్టు లేకపోతే వేయి రూపాయల జరిమానా. పదునాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన సీటు గాని లేకపోయినా అంతే.

చివరిగా చూడవలసినది కారును కాదు, నడిపేవానిని. ఇది మా వంటి సేవకులకు, కూటములకు వెళ్లే కుటుంబములకు ఎక్కువగా తగులుతుంది. సెమీ క్రిస్మసులు, ఉజ్జీవ సభలు రాత్రి పదకొండు దాటకుండ ముగియవు. భోజనము పెట్టకుండ ఎవరూ పంపరు. పగలంతా పనిచేసి, కడుపు నిండ తిని, అర్ధరాత్రి స్టీరింగు పట్టుకొంటే కళ్లు వాటంతట అవే మూతపడతాయి. 2012 నవంబరు 2న, మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎఱ్ఱన్నాయుడు గారు విశాఖపట్నములో వివాహమునకు వచ్చి శ్రీకాకుళము తిరిగి వెళుతూ, ఆ అర్ధరాత్రి దాటిన వేళలోనే రణస్థలము దగ్గర కారు ట్యాంకరును ఢీకొనగా మరణించారు. మన ఉత్తరాంధ్రలో ఆ దినము ఏడ్వని ఊరు లేదు. ఆ వేళలో రోడ్డు ఖాళీగా కనబడుతుంది, లారీలు మాత్రము మలుపు తిరుగుతూనే ఉంటాయి. డ్రైవరు జలుబు మాత్రలు వేసుకొన్నాడేమో అడగండి, వాటిలో చాలా వాటికి నిద్ర వస్తుంది. కళ్లజోడు తెచ్చుకొన్నాడో లేదో చూడండి. ఆవులింతలు తీస్తుంటే మందిరములో చాప వేయించి పడుకోబెట్టండి. సంఘ పెద్దలకు ఒక మాట: దూరమునుండి వచ్చిన ప్రసంగీకునికి రాత్రి కానుక ఇచ్చి సాగనంపుటకంటె, తెల్లవారి కాఫీ ఇచ్చి సాగనంపుట మేలు. సభలు తొమ్మిదికి ముగించినా నష్టము లేదు, మా ప్రసంగములతో సహా.

ఆ ఆదివారము సంగతి ముగించలేదు గదా. ఆ అబ్బాయి మొదట కొంచెము చిన్నబుచ్చుకొన్నాడు. తండ్రి మాత్రము, "అయ్యగారు చెప్పినట్టు చెయ్యరా" అన్నాడు. ఇద్దరే ఎక్కి మెల్లగా తగరపువలస బంకు వరకు వెళ్లి నాలుగు టైర్లకు గాలి పట్టించుకొన్నారు. వెనుక టైరులో చిన్న మేకు దొరికింది. స్టెప్నీ కూడ బాగుచేయించి గంటన్నరకు తిరిగి వచ్చారు. ఐదుగురు పట్టే కారులో తొమ్మిదిమంది ఎక్కుట మానుకొని నలుగురు బస్సుకు వెళ్లారు. ఎవరు బస్సుకు వెళ్లాలన్న దానిపై మందిరము ముందు కాసేపు వాదన కూడ జరిగింది. నాయనమ్మ, "నాను బస్సుకే ఎల్తాను, కిటికీ కాడ కూకుంటాను" అని తేల్చివేసింది. ఆమె బయలుదేరక ముందు చంటిబిడ్డను ఎత్తుకొని కారు చుట్టూ ఒకసారి తిరిగి, క్రిందికి వంగి చూచి, "ఎవుల్లేరు, పోనీరా" అన్నది.

మోటారు సైకిళ్ల మీద నలుగురేసి వచ్చే కుటుంబముల గూర్చి వ్రాయుమని కొందరు ఉత్తరములు వ్రాశారు. వచ్చే నెల అది వ్రాస్తాము.